పుస్తక మహోత్సవంలో బొమ్మల కథలకు బల్లలు వేయించండి

విజయవాడ పుస్తక మహోత్సవ సంఘం అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

ఒకే ఒక్క కోరికతో ఈ లేఖ రాస్తున్నాను. ఏటా జనవరిలో మీరు జరిపే పుస్తకాల పండగలో, బొమ్మల కథలు తామే రాసి, తామే గీసి, తామే జిరాక్స్ తీయించి, పిన్ను కొట్టి అమ్ముకునేవాళ్ల కోసం ఒక వరుస కేటాయించండి. స్టాళ్లు అడగడం లేదు. మూడడుగుల బల్లలు ఓ పది వేయించి, రోజు అద్దెకు, ఒక్కో బల్లని ఇద్దరు పంచుకునే వీలుతో ఇవ్వమని అడుగుతున్నాను. ఈ మాట మీ ఆఫీసుకి వచ్చి చెప్పొచ్చు. కానీ ఇందులో గీసేవాళ్లు, గ్రంథాలయాలవాళ్లు, పాఠకులు కూడా చెయ్యాల్సిన పని కొంత ఉంది. అందరూ కలిసి వింటే మంచిదని బహిరంగంగా రాస్తున్నాను.

మినీ కామిక్ అన్న మాట కొందరికి కొత్త కావచ్చు. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి విప్పితే ఎనిమిది గడులొస్తాయి. నడిమి మడత మీద కత్తెరతో ఒక గాటు పెట్టి మళ్లీ మడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం తయారు. పిన్ను కూడా అక్కర్లేదు. ఒక వైపు జిరాక్స్ తీస్తే చాలు. కథ ఇంకాస్త పెద్దదైతే నాలుగు ఏ4 కాగితాలకు రెండు వైపులా తీయించి, మధ్యకి మడిచి, రెండు పిన్నులు కొడితే పదహారు పేజీలు. కాలేజీల ముందుండే ఏ జిరాక్స్ షాపులోనైనా అయ్యే పని. మొదట యాభై కాపీలు తీయించుకోవచ్చు. అవి అయిపోతే మళ్లీ యాభై. దీనికి ప్రచురణకర్త లేడు, ఎడిటర్ లేడు, పంపిణీదారు లేడు. గీసినవాళ్ల చేతి నుంచి చదివేవాళ్ల చేతికి నేరుగా వెళ్లే పుస్తకం ఇది.

దీని లెక్క కూడా ఒకసారి చూడండి. జిరాక్స్ ఒక వైపుకి రూపాయిన్నర అనుకుంటే, పదహారు పేజీల పుస్తకానికి ఎనిమిది వైపులకు 12 రూపాయలు. వెల 30 రూపాయలు పెట్టారనుకుందాం. షాపులో ఉంచితే నూటికి నలభై కమిషన్ పోను 18 చేతికొస్తాయి. ఖర్చు తీసేస్తే మిగిలేది 6 రూపాయలు. పోస్టులో పంపుదామంటే, పుస్తకాల కోసమని తపాలా శాఖ 2025 మే 1న తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లోనే 300 గ్రాముల వరకు కనీస చార్జీ 20 రూపాయలు. 30 రూపాయల పుస్తకం కోసం పోస్టుకి 20 రూపాయలు పెట్టే పాఠకులు ఎందరుంటారు? ఇక మీ మహోత్సవంలో పదకొండు రోజులపాటు స్టాలు నడపడం అంటారా, అది వంద పుస్తకాలున్న సంస్థకి కుదురుతుంది గానీ ఒక్క పుస్తకమున్న అమ్మాయికో అబ్బాయికో కుదరదు. అదే ఒక ఆదివారం పూట చిన్న బల్ల దొరికిందనుకోండి. కాపీకి 18 రూపాయలు మిగులుతాయి. యాభై పోతే 900. బల్ల అద్దె, బస్సు చార్జీ పోను మరో పుస్తకానికి జిరాక్స్ డబ్బులు చేతిలో ఉంటాయి. ఈ ఒక్క తేడా చాలు, మొదటి పుస్తకంతోనే ఆగిపోయేవాళ్లు రెండోది గీస్తారు.

ఈ కోరిక విజయవాడనే అడగడానికి కారణాలున్నాయి. తెలుగులో కార్టూన్ పెరిగింది పత్రికల నీడనే. తొలి తెలుగు కార్టూనిస్టుగా మనం తలుచుకునే తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజు మే 20నే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మద్రాసు నుంచి పత్రికలు ఒక్కొక్కటే ఇటు తరలివచ్చాక, 1960లో ఆంధ్రజ్యోతి, 1970లో స్వాతి ఇక్కడే మొదలయ్యాక, బెజవాడ తెలుగు పత్రికలకి పెద్ద దిక్కయింది. కార్టూనిస్టులకీ ఈ ఊరే ఠికానా అయింది. ‘కార్టూన్ కబుర్లు’ రాసిన మోహన్ గారు ఇక్కడి విశాలాంధ్ర పత్రికలో పనిచేసినవారే. ఆంధ్రజ్యోతిలో చేరిన శంకరరావు గారికి అక్కడి సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు పెట్టిన పేరే బాలి. విశాఖపట్నంలో పోలియోతో ఇంటిపట్టునే ఉండి వేల కార్టూన్లు గీసిన రాగతి పండరి గారిని రాష్ట్రంలో ప్రతి ఇంటికీ తెలిసేలా చేసినవి ఆ వారపత్రికలే. ఒక కవర్లో కార్టూన్లు పెట్టి పోస్టు చేస్తే, నచ్చితే అచ్చయ్యేవి, పారితోషికం మనియార్డరుగా వచ్చేది. ఊరు దాటని మనిషి గీతకి కూడా లక్షల పాఠకులుండేవారు.

అయితే ఆ పత్రికలు కార్టూన్‌కి ఇచ్చిన చోటు, కథకీ సీరియల్‌కీ మధ్య మిగిలిన జాగా. ఆ జాగాకి సరిపోయేది ఒక గడి, ఒక నవ్వు. మనవాళ్లు ఆ ఒక్క గడిలోనే గొప్ప పని చేశారు. కానీ గడి వెనక గడిగా, పేజీ వెనక పేజీగా సాగే బొమ్మల కథ మన భాషలో ఎదగాల్సినంత ఎదగలేదు. బుజ్జాయి గారిని చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘డుంబు’ బొమ్మల కథని నడిపించారు. బొంబాయి నుంచి వచ్చే ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీసి దేశమంతటా చదివించారు. అంతటి మొదలు మనకి ఉంది. ఆ దారిన నడిచినవాళ్లు తక్కువమంది. చేతకాక కాదు, గీసింది వేసుకునే పేజీలు లేక.

ఇప్పుడు ఆ ఒక్క గడికీ చోటు పోతోంది. చందమామ 2013లో ఆగిపోయింది. 2020లో కరోనా వచ్చాక నవ్య వారపత్రిక రావడం మానేసింది. 2021లో చతుర, విపుల, తెలుగు వెలుగు, బాలభారతం ఒకేసారి మూతబడ్డాయి. వాటితో పాటు బొమ్మలు గీసేవాళ్ల పేజీలూ పోయాయి. ఫోన్లో పెడితే చూస్తారు కదా అంటారు. చూస్తారు, నిజమే. వేలితో పైకి తోసేశాక అది మళ్లీ దొరకదు. గీసిన చేతికి పైసా రాదు. ఇంట్లో అల్మరాలో ఉండి పదేళ్ల తర్వాత మనవరాలి చేతికి దొరికే వస్తువు అది కాదు.

మన కార్టూనిస్టులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాత పత్రికల్లోంచి తమ కార్టూన్లు ఏరుకుని, సొంత డబ్బుతో సంపుటాలు వేసుకుంటున్నారు. ఆ పుస్తకాలంటే నాకు చాలా గౌరవం. కానీ అవి ఎక్కువగా గడిచిపోయిన పనిని దాచిపెట్టుకునే పుస్తకాలు. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు వేయాలంటే అయ్యే ఖర్చుకి, జీవితంలో ఒకటి రెండుసార్లే సాహసిస్తారు. ఇరవై ఏళ్ల పిల్లలకి అదీ సాధ్యం కాదు. ఈ నెల మనసులో పడ్డ కథని వచ్చే నెలకల్లా పాఠకుడి చేతిలో పెట్టాలంటే, తప్పు చేసినా తట్టుకోగలిగే ఖర్చులో నేర్చుకోవాలంటే, జిరాక్స్ పుస్తకం కంటే దగ్గరి దారి లేదు.

ఇతర దేశాల్లో ఈ దారి ఎంత దూరం పోయిందో చెప్తాను. మీరు ఈ మహోత్సవం మొదలుపెట్టిన 1989లోనే అమెరికాలో జాన్ పోర్సెలీనో అనే కుర్రాడు ‘కింగ్ క్యాట్’ అనే జిరాక్స్ కామిక్ మొదలుపెట్టాడు. తన రోజువారీ బతుకు, పిల్లి, చిన్న ఉద్యోగాలు, అనారోగ్యం, నడిచిన దారులు, ఇవే కథలు. దశాబ్దాలపాటు దాన్ని వదలకుండా తానే వేసుకుంటూ వచ్చాడు. 1975 డిసెంబరులో టోక్యోలో కామిక్ మార్కెట్ అని ఒక సంత పెట్టారు. సొంతంగా కామిక్స్ వేసుకునే 32 బృందాలు బల్లలు వేసుకున్నాయి. ఏడొందల మంది దాకా వచ్చారు. ఇవాళ అదే సంతకి లక్షల్లో జనం వస్తారు. అక్కడ అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ విడదీసి చూడరు, అందరూ పాల్గొనేవాళ్లే. అమెరికాలో మేరీల్యాండ్‌లో 1994 నుంచి జరుగుతున్న స్మాల్ ప్రెస్ ఎక్స్‌పోలో మినీ కామిక్‌కి విడిగా ఒక బహుమతి ఉంది. 2011 నుంచి ఆ దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ ఎక్స్‌పోకి వచ్చిన చిన్న పుస్తకాలు సేకరించి భద్రపరుస్తోంది. ఇలాంటి సంత పెట్టడానికి మనకి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఆ సంతలన్నిటికీ మొదట కావలసింది బల్లలే.

మన దేశంలో కూడా దారి చూపినవాళ్లున్నారు. శరద్ శర్మ నడిపిన వరల్డ్ కామిక్స్ ఇండియా ఊళ్లల్లో మామూలు మనుషులకే కామిక్స్ గీయడం నేర్పింది. రెండు ఏ4 కాగితాలు జతచేసి, నాలుగు గడుల్లో ఒక కథ గీసి, జిరాక్స్ తీసి గోడలకి అతికించే పద్ధతి వాళ్లది. బొమ్మలు బాగా రావాలన్న నియమం లేదు. తమ ఊరి సంగతి తమ మాటల్లో చెప్పాలన్నదే నియమం.

మరి మన ఊరి సంగతులు చెప్పేదెవరు? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీళ్లు కిందికి వెళ్లాయి. బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. ఆ అంకె రికార్డుల్లో ఉంటుంది. డాబా మీద రోజుల తరబడి మంచినీళ్ల కోసం ఎదురుచూసిన పిల్ల ఏం చూసిందో ఏ రికార్డులోనూ ఉండదు. ఆ పిల్ల పెన్సిలు పట్టుకోగలదు. పదహారు పేజీలు దొరికితే మెట్ల మీదికి ఒక్కో మెట్టే ఎక్కి వచ్చిన నీటిని మనందరికీ చూపించగలదు. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల మాటలు విని గీయాల్సిన మనవలు ఇవాళ అవనిగడ్డ, నాగాయలంక కాలేజీల్లో చదువుతున్నారు. వరి పొలాలు చేపల చెరువులైన కథ, పెడన కలంకారీ అచ్చుల కథ, కాలువ కింద చివరి ఎకరానికి నీళ్లు రాని కథ, ఇవన్నీ బొమ్మల్లో చెప్పదగ్గవే.

విపత్తుని బొమ్మల కథగా చెప్పడం ఊహ కాదు, జరిగిన పని. 2005లో కత్రినా తుఫాను అమెరికాని ముంచినప్పుడు జోష్ న్యూఫెల్డ్ అనే కార్టూనిస్టు రెడ్‌క్రాస్ వాలంటీరుగా వెళ్లి పనిచేశాడు. ఆ అనుభవాలను ముందు తానే చిన్న పుస్తకంగా వేసుకున్నాడు. తర్వాత న్యూ ఆర్లియన్స్ మనుషుల నిజ జీవితాలతో పెద్ద బొమ్మల పుస్తకం గీశాడు. అది 2009లో పెద్ద ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. ఆరేళ్ల వయసులో హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడ్డ కెయిజి నకజావా పెద్దయ్యాక 1973 నుంచి ఆ కథనే కామిక్‌గా గీశాడు. లక్షల మంది పిల్లలకి అణుబాంబు అంటే ఏమిటో తెలిసింది ఆ బొమ్మల వల్లనే. కామిక్స్ అంటే పిల్లల కాలక్షేపం అనుకునేవాళ్లకి ఈ రెండు పుస్తకాలే నా సమాధానం.

గీసిన పుస్తకం నిలవాలంటే గ్రంథాలయాలు కూడా పూనుకోవాలి. ఆ మాట బెజవాడకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న పుట్టింది ఇక్కడే, అయ్యంకి వెంకటరమణయ్య గారి పట్టుదలతో. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి రేవు రేవుకీ పంపారు. పుస్తకం దగ్గరికి రాలేని మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్లాలని నమ్మిన నేల ఇది. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. జిల్లా గ్రంథాలయ సంస్థలు అందులోంచి ఏడాదికి కొన్ని వేల రూపాయలు పెడితే, మహోత్సవంలోని బల్లల మీద ఉన్న ప్రతి చిన్న పుస్తకం రెండేసి కాపీలు కొనొచ్చు. ఒక కాపీ బందరు రోడ్డులోని ఠాగూర్ గ్రంథాలయంలో, మరొకటి పటమట సర్వోత్తమ భవనంలో ఒక అట్టపెట్టెలో వరసగా పెట్టి, పేరు, సంవత్సరం రాసి ఉంచితే చాలు. ఇరవై ఏళ్ల తర్వాత అది ఈ డెల్టా చరిత్రలో ఒక భాగం అవుతుంది.

మీకు రాగల సందేహాలు కూడా ఆలోచించాను. ఎవరు పడితే వాళ్లు వస్తే నాణ్యత సంగతేమిటని అడగొచ్చు. బల్లకి కొన్ని షరతులు పెట్టండి. పుస్తకం గీసినవాళ్ల సొంతదై ఉండాలి, ఎక్కడినుంచో ఎత్తి రాసిందీ, యంత్రం చేత గీయించిందీ కాకూడదు. వెల యాభై రూపాయలు దాటకూడదు. తెలుగులో ఉండాలి, లేదా మాటల్లేని బొమ్మల కథై ఉండాలి. పిల్లలు తిరిగే చోటు కాబట్టి ఏ వయసువాళ్ల కోసమో అట్ట మీద రాసి ఉండాలి. గీసినవాళ్లే బల్ల వెనక కూర్చోవాలి. ఇంతకంటే వడపోత వద్దని నా మనవి. బాగుందో లేదో పాఠకులు తేలుస్తారు. చట్టం అడ్డేమో అన్న శంక కూడా అక్కర్లేదు. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ప్రెస్ చట్టం వరసగా వెలువడే పత్రికల నమోదుకి సంబంధించింది, పుస్తకాలకి కాదు. స్టాళ్లవాళ్లు నొచ్చుకుంటారా అంటే, ముప్పై రూపాయల పుస్తకం కొనడానికి వచ్చిన కుర్రవాడు ఆ పక్క స్టాలులో మూడొందల నవల కూడా చూసే వెళ్తాడు. కొత్త పాఠకులు వస్తే అందరికీ లాభమే.

ఇంకో చిన్న పని కూడా చేయొచ్చు. మీరు ఏటా పిల్లలకి పోటీలు పెడుతున్నారు. వాటిలో ఒక మధ్యాహ్నం, ఒక్కో పిల్లకీ ఒక ఏ4 కాగితం, ఒక నల్ల పెన్ను ఇచ్చి ఎనిమిది పేజీల కథ గీయమనండి. సాయంత్రానికి వాటిని జిరాక్స్ తీసి అదే బల్లల మీద అమ్మకానికి పెట్టండి. తన పుస్తకాన్ని ముక్కూమొహం తెలియని మనిషి డబ్బిచ్చి కొన్న పిల్ల ఆ రోజుని మర్చిపోదు. మీరు జరిపే పుస్తక ప్రియుల పాదయాత్రలో వందలమంది నడుస్తారు కదా, వాళ్లలో ప్రతి ఒక్కరూ తలా ఒకటి కొన్నా ఆ పిల్లల పుస్తకాలు మిగలవు.

గీసేవాళ్లకి కూడా ఒక మాట. బల్ల వచ్చేదాకా ఆగకండి. ఇవాళే మొదలుపెట్టండి. మొదటి పుస్తకం ఎనిమిది పేజీలు చాలు. సూపర్ హీరోలని వదిలి మీ వీధిని గీయండి. మాటలు మీ అమ్మమ్మ మాట్లాడే తెలుగులో రాయండి. అక్షరాలు చేత్తోనే రాయండి, జిరాక్స్‌లో చదవడానికి వీలుగా కాస్త పెద్దవిగా రాయండి. అంచుల్లో అర అంగుళం వదలండి, లేకపోతే జిరాక్స్ మిషను గీతని కోసేస్తుంది. వెనక అట్ట మీద పేరు, ఊరు, సంవత్సరం తప్పకుండా వేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి పుస్తకం ఒకరు మార్చుకోండి. పెద్ద కార్టూనిస్టులకి నా విన్నపం, మీ దగ్గర కూడబెట్టుకున్న నైపుణ్యం ఉంది. సంపుటం కోసం దాచిన డబ్బులో ఓ చిన్న వంతుతో ఒక కొత్త పదహారు పేజీల కథ గీయండి. మీరు ఒక బల్ల వెనక కూర్చుంటే పక్క బల్ల దగ్గరి పిల్లలకి అంతకంటే పెద్ద బడి ఉండదు.

పెద్దలారా, స్వరాజ్య మైదానం నుంచి వేదిక మారినా పాఠకులు మీ వెంటే వచ్చారు. మీరు పిలిస్తే వస్తారని మూడు దశాబ్దాలకు పైగా రుజువవుతూనే ఉంది. పెద్ద ప్రచురణకర్తల కోసం మీరు చేసింది చాలా ఉంది. ఈసారి ఒక వరుస అసలు ప్రచురణకర్తలే లేనివాళ్ల కోసం వేయించండి. అద్దె ఎంతో, ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో నవంబరులోనే ప్రకటిస్తే గీసేవాళ్లకి రెండు నెలల వ్యవధి ఉంటుంది. మొదటి ఏడాది పది బల్లలు నిండకపోయినా రెండో ఏడాది మానేయకండి. టోక్యోలో మొదలైంది 32 బృందాలతోనే. మనకి పదిమందితో మొదలైనా చాలు.

ఈ వచ్చే జనవరికే ఆ వరుస వేయించమని కోరుతూ,

ఇట్లు,
బొమ్మల కథల పాఠకుడు,
విజయవాడ.